తలలో తూటా దిగినవాళ్ళు: మొదటి రాత్రి ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు

ఐసియు బయట కూర్చున్నవాళ్ళు డాక్టరును అడిగేవి రెండే. "బతుకుతాడా సార్?" ఇది మొదటి రాత్రి. "మళ్ళా మాట్లాడ్తాడా, లేచి నడుస్తాడా?" ఇది రెండో రోజు నుంచి. తలలో తూటా దిగిన మనిషి విషయంలో ఈ రెంటికీ జవాబు ఒకే రోజు దొరకదు. మొదటి ప్రశ్నకు కొన్ని గంటల్లోనే ఒక మోస్తరు నమ్మకమైన అంచనా ఇవ్వొచ్చు. రెండోదానికి వారాలు, నెలలు ఆగాల్సిందే. రెంటినీ కలిపేసి మొదటి రాత్రే ఒక్క మాటలో తేల్చేస్తే, బతకగలిగిన మనిషిని వదిలేయడమో, బతకలేని మనిషి కోసం పొలం తాకట్టు పెట్టించడమో జరుగుతుంది.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో తలకు దెబ్బ అంటే ఎక్కువగా రోడ్డు ప్రమాదమే. తూటా గాయాలు అరుదు. అందుకే ఇక్కడి జూనియర్ డాక్టర్లకు, నర్సులకు, 108లో పనిచేసేవాళ్ళకు వాటిని చూసి నేర్చుకునే అవకాశం తక్కువ. ఈ పోస్టు ముందుగా వాళ్ళ కోసం. బంధువులు చదివినా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను.

ఒక పుస్తకంలో పదిమందిలో తొమ్మిదిమంది పోతారని ఉంటుంది, ఇంకో చోట సగానికి కాస్త తక్కువమంది బతుకుతారని ఉంటుంది. రెండూ నిజమే. మొదటిది కాల్పులు జరిగిన చోటే ప్రాణం పోయినవాళ్ళను కూడా కలిపిన లెక్క. రెండోది ఊపిరితో ఆసుపత్రికి చేరినవాళ్ళ లెక్క మాత్రమే. ఎవరైనా శాతం చెబితే అది ఎవరి మీద తీసిన శాతమో ముందు అడగాలి.

ఆయుధం ఏదన్నది మొదటి ఆధారం. 9 ఎం.ఎం. పిస్టల్ తూటా సెకనుకు దాదాపు 350 మీటర్ల వేగంతో వెళుతుంది. ఏకే-47 తూటా వేగం 700 మీటర్లకు పైనే. వేగం రెట్టింపైతే అదే బరువున్న తూటా మోసుకొచ్చే శక్తి నాలుగింతలు అవుతుంది. తూటా వెళ్ళిన దారి ఒక్కటే కాదు, ఆ దారి చుట్టూ మెదడు ఒక్క క్షణం పక్కలకు సాగి మళ్ళీ మూసుకుంటుంది. రైఫిల్ తూటాతో ఈ సాగుడు చాలా ఎక్కువ, తూటా తగలని చోట కూడా నరాల తంతులు, రక్తనాళాలు తెగుతాయి. అడవి పందుల కోసం వాడే నాటు తుపాకి పెల్లెట్ల సంగతి వేరు. దూరం నుంచి తగిలితే చాలావరకు చర్మం కింద, ఎముకలో ఆగిపోతాయి. కానీ కణత దగ్గర, కంటి గూడు పైకప్పు దగ్గర ఎముక పలచన. ఒక్క పెల్లెట్ అక్కడి నుంచి లోపలికి పోయినా చాలు, పైకి చిన్న చుక్కలాంటి గాయమే కనిపిస్తుంది. జుట్టు తీసి తలంతా వెతకకపోతే దొరకదు.

ఇక పరీక్ష. ఎలా చేయాలో తెలిసినవాళ్ళు కూడా ఎప్పుడు చేయాలన్న దగ్గర తప్పుతారు. బీపీ పడిపోయి, ఊపిరి సరిగా అందని మనిషికి మెదడు బాగున్నా స్పందన ఉండదు. ముందు ఆక్సిజన్, రక్తం, సెలైన్. పైబీపీ పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ వాళ్ళలో 110కి తగ్గకుండా నిలబెట్టి, వేలికి పెట్టిన ఆక్సిజన్ రీడింగ్ 94 దాటాక చేసిన పరీక్షే లెక్కలోకి తీసుకోవాలి. 90 కంటే తక్కువ బీపీ ఒక్కసారి నమోదైనా చనిపోయే ముప్పు బాగా పెరుగుతుంది. కాబట్టి ఆదోని నుంచో ఆత్మకూరు నుంచో అంబులెన్సులో వచ్చేటప్పుడు దారిలో బీపీ ఎంత పడింది, ఎంతసేపు పడింది అన్నది కాగితం మీద ఉండాలి. చాలా రెఫరల్ చీటీల్లో "కండిషన్ సీరియస్, హయ్యర్ సెంటర్‌కు పంపడమైనది" అని తప్ప ఇంకేం ఉండదు. రోగి భవిష్యత్తును అంచనా వేయడానికి ఆ వాక్యం ఎందుకూ పనికిరాదు.

రెండో పొరపాటు మందులది. గొంతులో ట్యూబ్ వేసేముందు కండరాలు సడలించే ఇంజెక్షన్ ఇస్తారు. అలాంటి మందైన వెక్యురోనియం ఇచ్చిన అరగంటలో గ్లాస్గో స్కోరు (తెలివి ఎంత ఉందో చెప్పే మార్కు, కింద వివరంగా ఉంది) వేస్తే అన్నిటికంటే తక్కువైన 3 వస్తుంది. అది మెదడు స్కోరు కాదు, మందు స్కోరు. అందుకే ట్యూబ్ వేయకముందు ఒక్క నిమిషం కేటాయించి కళ్ళు, మాట, చేతుల కదలిక, కంటిపాపలు చూసి టైముతో సహా రాయాలి. ఆ ఒక్క నిమిషం దాటిపోతే మళ్ళీ రోజంతా అలాంటి అవకాశం రాకపోవచ్చు. తాగి ఉన్న మనిషైతే మత్తు దిగేదాకా స్కోరును అనుమానంతోనే చూడాలి. ఫిట్స్ వచ్చి ఆగిన వెంటనే చేసిన పరీక్ష కూడా అంతే.

గ్లాస్గో కోమా స్కేలును 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేశారు. కళ్ళకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15, అన్నిటికంటే తక్కువ 3. తూటా గాయాల్లో దీని ప్రాణమంతా కదలిక మార్కులోనే ఉంది. ముఖం వాచి కళ్ళు తెరుచుకోకపోవచ్చు, ట్యూబ్ వల్ల మాట రాకపోవచ్చు, చేతులు మాత్రం నిజం చెబుతాయి. చెప్పిన పని చేస్తే 6. నొప్పి ఎక్కడుందో చెయ్యి అక్కడికి వస్తే 5. చెయ్యి వెనక్కి లాక్కుంటే 4. మోచేయి అసహజంగా ముడుచుకుంటే 3. చేతులు కర్రల్లా చాచుకుంటే 2. ఏమీ లేకపోతే 1.

చూడ్డానికి సులువుగా ఉంటుంది గానీ తప్పులు ఇక్కడే ఎక్కువ. "నా చెయ్యి పట్టుకో" అని అడిగి, వేళ్ళు బిగిస్తే 6 వేసేస్తారు. మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్ళ అరచేతిలో ఏది పెట్టినా వేళ్ళు వాటంతటవే బిగుస్తాయి, అది మాట విన్నట్టు కాదు. "నాలుక బయట పెట్టు", "రెండు వేళ్ళు చూపించు" అని అడగాలి. అదీ వాళ్ళ ఇంట్లో మాట్లాడే భాషలో. ఆలూరు, ఆదోని వైపు నుంచి వచ్చినవాళ్ళకు కన్నడం, కర్నూలు పాతబస్తీ వాళ్ళకు ఉర్దూ తొందరగా ఎక్కొచ్చు. ఇంటిమనిషినే లోపలికి పిలిచి అడిగించడం అన్నిటికంటే మేలు, తెలిసిన గొంతుకు ముందు స్పందిస్తారు. ఎడమవైపు గాయంలో మాట అర్థం చేసుకునే భాగమే పోయి ఉండొచ్చు. అలాంటి మనిషికి మాటతో చెప్పకుండా మన నాలుక బయటపెట్టి సైగ చేసి చూపించాలి. అనుకరిస్తే తెలివిలోనే ఉన్నాడు, మాటే పోయింది. ఆ రెండు స్థితులకు భవిష్యత్తులో చాలా తేడా ఉంది.

నొప్పి కలిగించాలంటే కనుబొమ లోపలి చివర ఉండే ఎముక గాడిలో బొటనవేలితో నెమ్మదిగా బలం పెంచుతూ పది సెకన్ల వరకు నొక్కాలి. అక్కడ ఎముక విరిగి ఉంటే భుజం పైకండను పిండాలి. చెయ్యి కాలర్ బోన్ దాటి పైకి వస్తేనే 5. కాళ్ళ కదలికను బట్టి మార్కు వేయకూడదు, వెన్నుపాము ఒక్కటే బాగున్నా కాలు ముడుచుకుంటుంది. ఒక పక్క పక్షవాతం ఉంటే రెండో పక్క చేతి మార్కే తీసుకోవాలి. మనకు కావాల్సింది మెదడు చేయగలిగిన గరిష్ఠ పని.

కంటిపాపలది రెండో స్థానం. గదిలో లైటు తగ్గించి, టార్చి వెలుగు పక్కనుంచి తెచ్చి చూడాలి. రెండు పాపలూ విచ్చుకుని వెలుగుకు కదలకపోతే, కదలిక మార్కు కూడా 1 లేదా 2 ఉంటే, బతకడం చాలా అరుదు. కానీ తూటా కంటి గూటిలోంచి పోయి ఉంటే ఆ కంటి నరమే తెగి ఉండొచ్చు. అప్పుడు ఆ కంట్లో వెలుగు వేస్తే ఏ పాపా కదలదు, రెండో కంట్లో వేస్తే రెండూ ముడుచుకుంటాయి. ఇది మెదడు కాండం (ఊపిరిని, తెలివిని నడిపే అడుగు భాగం) దెబ్బ కాదు. బయట ఆసుపత్రిలో కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి పంపినా పాప విచ్చుకునే ఉంటుంది. అడగాలి. గ్లాస్గో స్కోరులోంచి స్పందించని పాపల సంఖ్యను తీసేసి ఒకే అంకెగా చెప్పే పద్ధతి 2018 నుంచి వాడుకలోకి వచ్చింది. స్కోరు 4 ఉండి రెండు పాపలూ కదలకపోతే 2 అవుతుంది.

సిటి స్కాన్ చూసేటప్పుడు అందరి చూపూ తెల్లగా మెరిసే తూటా మీదికే పోతుంది. చూడాల్సింది తూటా ఎక్కడ ఆగిందని కాదు, ఏ దారిన వచ్చిందని. ఒకే పక్క, ఒకే లోబ్‌లో (మెదడు పెద్ద భాగాల్లో ఒకదానిలో) ఆగిన దారి మంచిది. మధ్యగీత దాటి రెండు పక్కలా పోతే ముప్పు. మెదడు లోపలి నీటి గదుల్లోకి (వెంట్రికల్స్) రక్తం చేరితే ముప్పు. పిట్యూటరీ గ్రంథికి పైన, మెదడు నట్టనడుమ థాలమస్, హైపోథాలమస్ ఉండే చోటు గుండా పోయినా, మెదడు కాండాన్ని తాకినా బతకడం కష్టం. అడుగున ఉండే నీటి తిత్తులు కనిపించకుండా నొక్కుకుపోతే లోపల ఒత్తిడి బాగా పెరిగిందని అర్థం. అయితే మధ్యగీత దాటిన ప్రతిదీ ఒకటి కాదు. నుదుటి వెనక రెండు ఫ్రంటల్ లోబుల ముందు కొసలను మాత్రమే తాకుతూ పోయిన తూటాతో బతికినవాళ్ళు ఉన్నారు. రిపోర్టులో "రెండు అర్ధగోళాలకూ గాయం" అన్న మాట చదివి ఆగిపోకుండా ఫిల్ములు స్వయంగా చూడాలని అనేది అందుకే.

వీటన్నిటినీ కలిపి అంకెగా మార్చే ప్రయత్నాల్లో తూటా గాయాలకు ప్రత్యేకంగా తయారైనది స్పిన్ స్కోరు. 2016లో ప్రకటించిన ఈ స్కోరును అమెరికాలోని రెండు పెద్ద ట్రామా సెంటర్లకు వచ్చిన 413 మంది రోగుల వివరాలతో కట్టారు. వాళ్ళలో 42 శాతం మంది బతికారు. ఇందులో ఏడు విషయాలు ఉంటాయి: కదలిక మార్కు, కంటిపాపల స్పందన, గాయం తనంతట తాను చేసుకున్నదా కాదా, వేరే ఆసుపత్రి నుంచి పంపితే వచ్చారా, ఆడా మగా, ఒంట్లో మిగతా చోట్ల గాయాల తీవ్రత, రక్తం గడ్డకట్టడాన్ని చెప్పే ఐఎన్ఆర్.

తనను తాను కాల్చుకున్నవాళ్ళలో చాలావరకు తుపాకి గొట్టం చర్మానికి ఆనించి ఉంటుంది, దారి ఒక కణత నుంచి రెండో కణత వైపు పోతుంది, పేలుడు వాయువు కూడా లోపలికి దూరుతుంది. మరణాలు అందుకే ఎక్కువ. వేరే ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ బతికినట్టు కనిపించడం చూసి పొరబడకూడదు. దారిలో పోవాల్సినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళే పెద్ద ఆసుపత్రికి చేరతారు. ఆలస్యం మంచిదని దానర్థం కాదు. అక్కడి హెలికాప్టర్లు, మన ఘాట్ రోడ్లు ఒకటి కావు కాబట్టి ఆ ఒక్క అంశాన్ని ఇక్కడ యథాతథంగా వాడటం నాకు సమ్మతం కాదు.

ఐఎన్ఆర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చితికిన మెదడు నుంచి రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. ఒంట్లో ఉన్న గడ్డకట్టే సరుకంతా అనవసరంగా ఖర్చయిపోయి, తర్వాత రక్తం ఆగదు. మామూలు మనిషికి ఐఎన్ఆర్ 1 దగ్గర ఉంటుంది, అది పెరిగేకొద్దీ బతికే అవకాశం తగ్గుతుంది. కానీ ఈ పరీక్షకు రక్తం పట్టే నీలం మూత ట్యూబును గీత దాకా నింపకపోతే లోపలి సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) పాలు ఎక్కువై ఐఎన్ఆర్ లేనిపోని పెరుగుదల చూపిస్తుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీసినా అంతే. తొమ్మిది పాళ్ళు రక్తం, ఒక పాలు సిట్రేట్, సెలైన్ లేని చెయ్యి. ఇంత చిన్న పని సరిగా చేయకపోతే మనిషి స్కోరు మారిపోతుంది.

స్పిన్ చెప్పేది ప్రాణం గురించే. మాట, నడక, జ్ఞాపకం గురించి ఏమీ చెప్పదు. 2008లో వచ్చిన క్రాష్, ఇంపాక్ట్ అనే లెక్కింపు పద్ధతులు ఆరు నెలల తర్వాతి స్థితిని కూడా అంచనా వేస్తాయి, క్రాష్‌లో పేద, మధ్యాదాయ దేశాలకు వేరే లెక్క కూడా ఉంది. అయితే అవి ప్రధానంగా రోడ్డు ప్రమాదాలు, కింద పడటాల వంటి గాయాల కోసం కట్టినవి. తూటా గాయానికి వాటిలో వచ్చిన శాతాన్ని బంధువుల ముందు చదవకూడదు.

అసలు ఏ శాతాన్నయినా వైద్యం ఆపడానికి సాకుగా వాడితే ఒక ప్రమాదం ఉంది. పోతాడనుకుని చికిత్స తగ్గిస్తాం, తగ్గించాం కాబట్టి పోతాడు, మన అంచనా నిజమైందని రాసుకుంటాం. తర్వాతి స్కోరు ఆ లెక్కల మీదే కడతారు. అందుకే బీపీ నిలబడ్డాక కూడా కదలిక లేని, పాపలు కదలని, మెదడు నడుమ చితికిన గాయం తప్ప మిగతావాళ్ళకు కనీసం 72 గంటలు పూర్తి చికిత్స చేసి, రోజూ అదే పరీక్ష చేసి చూడాలి. ఒక్క రోజు స్కోరు కంటే మూడు రోజుల స్కోరు ఎటు పోతోందన్నది ఎక్కువ చెబుతుంది.

ఆపరేషన్ నిర్ణయం కూడా దీనికి ముడిపడే ఉంటుంది. గ్లాస్గో స్కోరు 3 నుంచి 5, పాపలు కదలవు, పెద్ద రక్తపుగడ్డ లేదు అంటే ఆపరేషన్ వల్ల సాధారణంగా మేలు ఉండదు. అదే స్కోరుతో పెద్ద గడ్డ మెదడును నొక్కుతుంటే లెక్క మారుతుంది, గడ్డ తీస్తే స్కోరు పెరగొచ్చు. 9 పైన ఉన్నవాళ్ళకు గాయం శుభ్రం చేసి, మెదడు పొరను నీళ్ళు కారకుండా మూస్తే చాలామంది ఇంటికి వెళతారు. 6 నుంచి 8 మధ్యనే అసలు చిక్కు, అక్కడ సిటిలో దారే తేలుస్తుంది. లోతుగా ఉన్న ప్రతి ముక్క కోసం మెదడును తవ్వకూడదు. "గుండు తీసినారా లేదా?" అని బంధువులు తూటా గురించి అడుగుతారు. తీయకుండా వదిలేయడమే మంచి వైద్యం అయిన సందర్భాలు ఎక్కువని వాళ్ళకు ముందే చెప్పాలి. తీసిన తూటాను ఉత్త ఇనుప ఫోర్సెప్స్‌తో గీసుకుపోయేలా పట్టుకోకుండా, కవర్లో సీలు చేసి పోలీసులకు అప్పగించాలి.

బంధువులతో మాట్లాడేటప్పుడు "ఫిఫ్టీ ఫిఫ్టీ" అనే మాట మానేయాలి. అది ఏమీ చెప్పకుండా చెప్పినట్టు కనిపించే మాట. "ఇప్పుడు మావాడి కన్నా ఎక్కువ దెబ్బతిన్నవాళ్ళు బతికినారా?" అని వాళ్ళు అడిగినప్పుడు ఇలా చెప్పొచ్చు: "ఇట్లాంటి గాయంతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పోతారమ్మా. ఈయప్ప చెయ్యి ఇంకా నొప్పి దగ్గరికి వస్తా ఉంది, అది మంచి గుర్తు. మూడు రోజులు చూస్తాం. మూడో రోజు మళ్ళా కూర్చుని మాట్లాడుకుందాం." రోజు, గంట ముందే చెప్పడం వల్ల వాళ్ళకు ఒక పట్టు దొరుకుతుంది, మధ్యలో తెలియక ఇంటికి తీసుకుపోవడం తగ్గుతుంది.

మెదడు కాండం పూర్తిగా ఆగిపోయిందని తేలితే అది వేరే మాట. అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. అప్పుడే జీవన్‌దాన్ (అవయవదాన పథకం) గురించి కుటుంబంతో మాట్లాడాలి, అంతకుముందు కాదు.

ప్రాణం నిలబడ్డాక రెండో ప్రశ్న మొదలవుతుంది. ఇక్కడ ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యం. 2011 జనవరి 8న అరిజోనాలోని టూసాన్‌లో అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియేల్ గిఫర్డ్స్ తలలోంచి 9 ఎం.ఎం. తూటా దూసుకుపోయింది. దారి మెదడు ఎడమ సగంలోనే ఉండిపోయింది, మధ్యగీత దాటలేదు. ఆసుపత్రికి వచ్చేసరికి డాక్టర్లు చెప్పిన చిన్న చిన్న పనులు చేయగలిగారు. బతుకుతారని చెప్పడానికి ఆ గుర్తులు చాలు. అదే ఏడాది ఆగస్టు 1న సభకు వచ్చి ఓటు వేశారు. కానీ ఎడమవైపు గాయం కాబట్టి మాట తడబాటు, కుడివైపు బలహీనత మిగిలిపోయాయి, 2012 జనవరిలో పదవి వదులుకున్నారు. తల వెనక భాగంలో తగిలితే చూపులో ఒక పక్క పోతుంది. రష్యా-జపాన్ యుద్ధంలో తూటా తగిలిన సైనికులను పరీక్షించి, మెదడులో ఏ చోటు చూపులో ఏ భాగాన్ని చూసుకుంటుందో జపాన్ కంటి డాక్టరు తత్సుజీ ఇనౌయే 1909లో వివరంగా రాశాడు. ఆ పోయిన భాగం పూర్తిగా తిరిగి రావడం తక్కువ. ఫ్రంటల్ లోబ్ గాయమైతే నడక, మాట బాగుండి స్వభావం మారిపోతుంది: ఊరికే కోపం, పని మొదలుపెట్టలేకపోవడం, డబ్బు లెక్క తప్పడం. "బాగైపోయినాడు కదా" అని ఊళ్ళో అంటారు, భార్యకే తెలుస్తుంది తేడా.

నడక ఎక్కువగా మొదటి మూడు నెలల్లో, మాట ఏడాది దాటాక కూడా మెరుగవుతాయి. వయసు తక్కువైతే కోలుకోవడం మెరుగు. బాగవుతున్న మనిషి మళ్ళీ వెనక్కి పోతే అది "విధి" అనుకోకుండా కారణం వెతకాలి. మత్తుగా, నడక తప్పుతూ, ఒంటికి తెలియకుండా మూత్రం పోతుంటే నీటి గదులు ఉబ్బి ఉండొచ్చు. ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలా కారుతూ జ్వరం వస్తే మెదడు పొరకు చీము పట్టే ప్రమాదం. ఉన్నట్టుండి తలనొప్పి, మళ్ళీ రక్తస్రావం అంటే తూటా గీసిన రక్తనాళం బుడగలా ఉబ్బి పగిలి ఉండొచ్చు, అందుకే మొదట్లోనే రక్తనాళాల సిటి తీయాలి. ఫిట్స్ మాత్రలు మొదటి వారం ఇవ్వడం మామూలు. అయినా ఫిట్స్ ముప్పు ఏళ్ళ తరబడి ఉంటుంది. వియత్నాం యుద్ధంలో తలకు ఇలాంటి గాయాలైన సైనికులను పదిహేనేళ్ళ తర్వాత చూస్తే సగానికి పైగా, 53 శాతం మందికి ఫిట్స్ వచ్చి ఉన్నాయి. బావి గట్టు, ట్రాక్టరు, బైకు, పొయ్యి దగ్గర ఒంటరి పని గురించి ఇంటికి పంపే రోజే చెప్పాలి. లోపల లోహం ఉందని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయాలి. అదేం లోహమో తెలియకుండా ఎం.ఆర్.ఐ. గదిలోకి పంపకూడదు.

ఆరు నెలలకు, ఏడాదికి మనిషిని మళ్ళీ పిలిచి చూడాలి. మనిషి ఎంతవరకు కోలుకున్నాడో కొలిచే విస్తృత గ్లాస్గో ఔట్‌కమ్ స్కేలులో ఎనిమిది మెట్లున్నాయి, చనిపోవడం 1, పూర్తిగా కోలుకోవడం 8. ఇంట్లో ఒక్కడే రోజంతా ఉండగలడా, అంగడికి పోయి సరుకులు తేగలడా, పాత పనిలోకి వెళ్ళాడా అని అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది. పనికి వెళ్ళలేని స్థితి స్థిరపడిందనిపిస్తే గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్ష) స్లాటు బుక్ చేసుకోవాలి. వెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితం, మొదటి సిటి ఫిల్ములు, చివరి పరీక్ష స్కోరు మూడూ తీసుకెళ్ళాలి. మాట, జ్ఞాపకం, చూపు పోయిన సంగతి పైకి కనిపించదు కాబట్టి డిశ్చార్జి కాగితంలో డాక్టరే వాటిని విడివిడిగా రాసి ఇవ్వాలి.